కంపెనీ చేతులు మారింది, రాజీనామా ఇమ్మంటున్నారు: సంతకం పెట్టాలా?

ప్రశ్న: అక్కా, మాది కడప. మా ఆయనకు 43 ఏళ్లు. ఇక్కడికి దగ్గర్లోనే సిమెంటు సంచులు తయారు చేసే ఫ్యాక్టరీలో 17 ఏళ్లుగా స్టోర్స్‌లో పనిచేస్తున్నారు. అందులో 180 మంది దాకా ఉంటారు. పోయిన సంవత్సరం ఆ కంపెనీని ఒక పెద్ద గ్రూపు వాళ్లు కొన్నారు. అప్పటినుంచి రీస్ట్రక్చరింగ్ అంటూ ఒక్కొక్కటీ మారుస్తున్నారు. కుట్టు సెక్షన్ మూసేశారు. స్టోర్స్‌లో ముగ్గురు చేసే పని ఇప్పుడు ఈయన ఒక్కరే చేస్తున్నారు. రాత్రి 11 గంటలకు కూడా వాట్సాప్‌లో లెక్కలు అడుగుతారు. ఇప్పుడేమో పాత ఉద్యోగానికి రాజీనామా రాసిచ్చి కాంట్రాక్టరు కింద చేరమంటున్నారు. జీతం అదే ఇస్తారంట. ఈయన ఇంట్లో మాట్లాడటం తగ్గించేశారు. తెల్లవారుజామున మూడింటికే లేచి కూర్చుంటారు. మా తమ్ముడి గృహప్రవేశానికి కూడా రాలేదు. ఇంటి లోను ఇంకా ఎనిమిదేళ్లుంది, పాప ఇంటర్ రెండో సంవత్సరం. నేను ప్రైవేటు స్కూల్లో టీచర్ని. సంతకం పెట్టమని చెప్పాలా? ఉద్యోగం మానేయమని చెప్పాలా? నేనే పోయి మేనేజరుతో మాట్లాడనా?
- ఒక సోదరి, కడప

సమాధానం: చెల్లెమ్మా, ముందు ఒక్క మాట. ఆ రాజీనామా కాగితం మీద ఆయన్ను ఇప్పుడే సంతకం పెట్టనివ్వకండి. "చదువుకోవాలి, ఇంట్లో మాట్లాడుకోవాలి, కాపీ ఇవ్వండి" అని అడగమనండి. అది తప్పు కాదు, ఎదిరించడమూ కాదు. కాపీ ఇవ్వడానికి వాళ్లు వెనకాడితే ఇంకా జాగ్రత్తగా ఉండాలి.

"జీతం అదే కదా" అన్న మాటలోనే అసలు విషయం దాక్కుని ఉంది. జీతం అదే ఉండొచ్చు. పోయేది 17 ఏళ్ల సర్వీసు. కంపెనీయే మనిషిని తీసేస్తే దాన్ని చట్టం రిట్రెంచ్‌మెంట్ అంటుంది. అప్పుడు నెల రోజుల నోటీసు గానీ ఆ నెల జీతం గానీ ఇవ్వాలి. దాంతోపాటు, పూర్తయిన ప్రతి సంవత్సరం సర్వీసుకూ కనీసం 15 రోజుల సగటు వేతనం చొప్పున పరిహారం కట్టాలి. 17 ఏళ్లకు లెక్కేస్తే అది సుమారు ఎనిమిదిన్నర నెలల జీతం. మనంతట మనం రాజీనామా రాసిస్తే ఈ పరిహారం ఒక్క రూపాయి కూడా రాదు, ఎందుకంటే స్వచ్ఛందంగా మానుకోవడం రిట్రెంచ్‌మెంట్ కిందికి రాదు. అందుకే వాళ్లకు ఆ కాగితం మీ ఆయన చేతి రాతతోనే కావాలి.

గ్రాట్యుటీ, అంటే ఇన్నేళ్ల సర్వీసుకు మానేసేటప్పుడు కంపెనీ ఇచ్చే డబ్బు సంగతి వేరు. ఐదేళ్లు దాటాయి కాబట్టి రాజీనామా చేసినా ఇప్పటిదాకా చేసిన సర్వీసుకు అది వస్తుంది. చివరి బేసిక్, డీఏ కలిపి 16,000 అనుకుంటే, దాన్ని 26తో భాగించి, 15తోనూ 17తోనూ గుణిస్తే సుమారు 1,56,900 అవుతుంది. కానీ కాంట్రాక్టరు దగ్గర లెక్క మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది. రేపు ఆ కాంట్రాక్టు రద్దయితే, 17 ఏళ్లు పనిచేసిన మనిషి నిన్న మొన్న చేరినవాడి కిందే లెక్క. 43 ఏళ్ల వయసులో ఆ స్థితికి రావడం ఎంత కష్టమో మీకు నేను చెప్పక్కర్లేదు.

2025 నవంబర్ 21 నుంచి కొత్త లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. వాటిలో పారిశ్రామిక సంబంధాల కోడ్ ప్రకారం 300 మంది కంటే తక్కువ ఉన్న ఫ్యాక్టరీ మనుషులను తీసేయడానికి ప్రభుత్వ అనుమతి అక్కర్లేదు. 180 మంది ఉన్న ఫ్యాక్టరీకి ఆ అడ్డు లేదు. ఇది కార్మికులకు నష్టమేనని నేను గట్టిగా నమ్ముతాను. మన జిల్లాలో ఇలాంటి చిన్న, మధ్య తరహా ఫ్యాక్టరీలను నమ్ముకున్న కుటుంబాలు చాలా ఉన్నాయి. అయితే అనుమతి అక్కర్లేదన్నారంటే నోటీసు, పరిహారం కూడా అక్కర్లేదని కాదు. అవి ఉన్నాయి. ఇంకోటి కూడా కొత్తగా చేర్చారు: తీసేసిన ప్రతి కార్మికుడి పేరున 15 రోజుల జీతం యజమాని విడిగా కట్టాలి, 45 రోజుల్లోపు అది అతని ఖాతాలో పడాలి. కొత్త పని నేర్చుకోవడానికి ఉద్దేశించిన డబ్బు అది.

కంపెనీ అమ్ముడుపోయినప్పుడు వర్తించే నియమం ఇంకోటుంది. కొన్నవాళ్లు సర్వీసు తెగకుండా, పాత షరతుల కంటే తక్కువ కాకుండా, పాత సర్వీసునంతా లెక్కలోకి తీసుకుంటామని ఒప్పుకుంటే సరే. అలా ఒప్పుకోకపోతే ఏడాది దాటిన ప్రతి కార్మికుడికీ రిట్రెంచ్‌మెంట్ పరిహారమే ఇవ్వాలి. కడప వాళ్లకు విలీనాలు కొత్త కాదు. 2020 ఏప్రిల్ 1న సిండికేట్ బ్యాంకు కెనరాలో కలిసింది. 2025 మే 1న మన ఆంధ్ర ప్రగతి గ్రామీణ బ్యాంకు మిగతా మూడు గ్రామీణ బ్యాంకులతో కలిసి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకు అయింది, కడపలో ఉన్న హెడ్డాఫీసు పోయింది. ట్రాన్స్‌ఫర్లని, ప్రమోషన్లని ఆ ఇళ్లలోనూ టెన్షన్ పడ్డారు. కానీ అక్కడ ఉద్యోగుల సర్వీసు కొనసాగుతుందన్న మాటను చట్టమే రాసిపెట్టింది. ప్రైవేటు ఫ్యాక్టరీలో ఆ మాటను మనమే రాతపూర్వకంగా అడిగి తీసుకోవాలి. "కంపెనీ మారిన తేదీ నుంచి నా సర్వీసు, గ్రాట్యుటీ, సెలవులు పాత తేదీతోనే కొనసాగుతున్నాయా, దయచేసి రాతపూర్వకంగా తెలియజేయండి" అని ఒక మెయిల్ చాలు.

జవాబు వచ్చేలోపు మీరు ఇంట్లో కూర్చునే ఒక పని చేయొచ్చు. ఆయన ఫోన్లో పీఎఫ్ మెంబర్ పోర్టల్ తెరిచి సర్వీస్ హిస్టరీ చూడండి. పాత కంపెనీ దగ్గర చేరిన తేదీ ఉంటుంది. దాని పక్కన మానేసిన తేదీ అని ఏదైనా పడి ఉందేమో చూడండి. ఉంటే, ఆయనకు చెప్పకుండానే సర్వీసు తెంపేసి ఉండొచ్చు. అప్పుడు ఆ పేజీ స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకుని పీఎఫ్ ఆఫీసులో ఫిర్యాదు ఇవ్వాలి. రీజనల్ ఆఫీసు మన కడపలోనే ఉంది, దూరం పోనక్కర్లేదు. చేరినప్పటి అపాయింట్‌మెంట్ ఆర్డరు, జీతం స్లిప్పులు, ఈఎస్ఐ కార్డు, ఫారం 16 అన్నీ ఒక ఫైల్లో పెట్టి ఇంట్లోనే ఉంచండి. కంపెనీ మెయిల్‌లో మాత్రమే ఉన్నవి తెల్లారేసరికి తెరుచుకోకపోవచ్చు.

డిజిగ్నేషన్ మార్చి "ఎగ్జిక్యూటివ్" అని ఆర్డరు ఇచ్చారేమో కూడా అడగండి. ఈ మధ్య ఇది ఎక్కువగా జరుగుతోంది. పేరు పెద్దదవుతుంది, ఓవర్‌టైమ్ పోతుంది, "నువ్వు వర్కర్ కిందికి రావు" అంటారు. కుర్చీకి పెట్టిన పేరును బట్టి కాదు, నిజంగా చేసే పనిని బట్టే చట్టం మనిషిని చూస్తుంది. స్టోర్స్‌లో సామాను దించుకుని, ఎంచి, రాసి, ఇష్యూ చేసే మనిషి గుమాస్తా పని చేస్తున్నట్టే. వర్కరే. వారానికి 48 గంటలు దాటిన పనికి రెట్టింపు వేతనం రావాలి.

ఇక ఆయన ఆరోగ్యం. మీ ఉత్తరంలో నన్ను ఎక్కువ కలవరపెట్టింది ఇదే.

ఇంగ్లండ్‌లో ప్రభుత్వ ఉద్యోగుల మీద ఏళ్ల తరబడి జరిగిన వైట్‌హాల్ అధ్యయనంలో ఒక విషయం బయటపడింది. తమ విభాగాన్ని ప్రైవేటుకు ఇస్తారన్న వార్త వచ్చాక, ఇంకా ఎవరి ఉద్యోగమూ పోకముందే, అక్కడివాళ్ల ఆరోగ్యం మిగతా విభాగాల వాళ్లకంటే దిగజారింది. ఫిన్లాండ్‌లో మునిసిపల్ ఉద్యోగులను పెద్ద సంఖ్యలో తగ్గించిన చోట్ల, తీసేసినవాళ్లను కాదు, మిగిలినవాళ్లను పరిశీలించారు. వాళ్లలో గుండె జబ్బుల మరణాలు రెట్టింపుగా కనిపించాయి. 2004లో ఆ ఫలితాలు వచ్చాయి. ఉద్యోగం మిగిలింది కదా, అదృష్టవంతుడు అని మనం అనుకునే మనిషి లోపల ఏం జరుగుతోందో ఇవి చెబుతాయి. ఇదంతా చదివి భయపడమని రాయడం లేదు. మీ ఆయన పిరికివాడూ కాదు, పని చేతకానివాడూ కాదు. అలాంటి చోట ఎవరున్నా ఒంట్లో అదే జరుగుతుంది.

నా ఉద్దేశంలో ఆయన్ను తినేస్తున్నది పని కంటే తెలియకపోవడం. రేపు ఏం మారుస్తారో, ఎవరిని పిలుస్తారో తెలియదు. 17 ఏళ్లు ఏ ర్యాకులో ఏ బేరింగు ఉందో చీకట్లో కూడా తీసిచ్చిన మనిషి ఆయన. సంచి గుడ్డ నేసే మగ్గం ఆగిందంటే ఫోరమన్ పరిగెత్తుకొచ్చేది ఆయన దగ్గరికే. ఇప్పుడు ఆ బేరింగు చేతికందేలోపే కంప్యూటర్లో ఎంట్రీ పడాలి, ఎక్కడో ఉన్న ఆఫీసు ఓకే చేయాలి. ఈలోపు మగ్గం ఆగితే మాట పడేది మళ్లీ ఆయనే. తనకు బాగా వచ్చిన పనిలోనే ప్రతిరోజూ తప్పు చేసినవాడిలా నిలబడటం మనిషిని లోపల్నుంచి కుంగదీస్తుంది.

కుట్టు సెక్షన్ మూసేశారన్నారు. కుట్టు లేకుండా వేడిగాలితో సంచి అడుగు అతికించే మెషిన్లు వచ్చాయి, సిమెంటు కంపెనీలు ఇప్పుడు ఆ సంచులే అడుగుతున్నాయి. యంత్రం రావడాన్ని నేను తప్పు పట్టను. కుట్టు మిషన్ మీద ఏళ్ల తరబడి కూర్చున్న చేతులకు ఆ కొత్త మెషిన్ నేర్పించి ఉండొచ్చు కదా, అదే నా బాధ. ఆ పోయినవాళ్లలో మీ ఆయన స్నేహితులు ఉండే ఉంటారు. వాళ్లు ఎదురుపడితే ఈయన తల తిప్పుకుంటున్నారేమో గమనించండి. తాను మిగిలినందుకు సిగ్గుపడేవాళ్లు చాలామంది ఉంటారు, బయటికి చెప్పరు. ఒక ఆదివారం మీరిద్దరూ అలాంటి స్నేహితుడి ఇంటికి వెళ్లి రండి. చేతిలో ఏమీ పట్టుకుపోనక్కర్లేదు, ఏం మాట్లాడాలో ముందే అనుకోనక్కర్లేదు. మీ తమ్ముడి గృహప్రవేశానికి రాకపోవడం కూడా ఇలాంటిదేనని నా అనుమానం. పదిమందిలో ఎవరో ఒకరు "ఏమైందంట మీ కంపెనీ?" అని అడుగుతారు. జవాబు తనకే తెలియదు. మన సీమలో మగవాడి పరువును ఉద్యోగానికి ముడేసి పెట్టాం, ఆ ముడి మెడకు బిగుసుకున్నప్పుడు వాళ్లు ఇల్లు దాటరు. మీ తమ్ముడికి విషయం చెప్పి, అతన్నే ఒకరోజు మీ ఇంటికి రమ్మనండి.

పని భారం తగ్గించే దారి కూడా కాగితం మీదుగానే పోవాలి. ఒక వారం రోజులు ఆయన ఏ గంటకు ఏ పని చేశారో చిన్న నోటుబుక్కులో రాయమనండి. గేటు దగ్గర వచ్చిన సరుకు ఎంచుకోవడం, ఇష్యూలు, బిల్లుల ఎంట్రీ, రాత్రి వచ్చిన మెసేజ్, జవాబిచ్చిన సమయం. ఒక్కో పని ముందు ఎవరు చేసేవారో పక్కన రాయాలి. వారం తర్వాత పై అధికారికి ఇలా మెయిల్ పెట్టమనండి:

"సార్, గతంలో ముగ్గురం చేసిన ఈ పనులన్నీ ఇప్పుడు నేనొక్కడినే చూస్తున్నాను. ఈ వారం పట్టిన సమయం కింద ఇచ్చాను. రోజులో అన్నీ పూర్తి కావడం లేదు. వీటిలో ఏది ముందు చేయాలో, ఏది మర్నాటికి ఉంచవచ్చో చెప్పగలరు. సాయంత్రం ఆరు తర్వాత అడిగే వివరాలు మర్నాడు ఉదయం తొమ్మిదిన్నరకల్లా పంపిస్తాను."

ఇందులో ఫిర్యాదు లేదు, కోపం లేదు. కానీ రేపు ఏదైనా స్టాక్ తేడా వచ్చి ఆయన మెడకు చుట్టాలని చూస్తే, ముందే చెప్పానని చూపించడానికి ఈ మెయిల్ ఉంటుంది. స్టోర్స్‌లో పనిచేసేవాళ్లకు ఇది చాలా ముఖ్యం. మనుషులను తగ్గించిన చోట లెక్కలు తప్పుతాయి, ఆ తప్పు చివరికి మిగిలినవాడి మీదే పడుతుంది.

ఆయన ఒక్కరే నిలబడితే మాత్రం కష్టం. ఇదే కాగితం ఇంకెంతమందికి ఇచ్చారో కనుక్కోమనండి. నలుగురైదుగురు కలిసి అడిగితే మాటకు బలం వస్తుంది. 20 మంది గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉన్న ఫ్యాక్టరీలో ఫిర్యాదుల పరిష్కార కమిటీ ఉండాలని కొత్త కోడ్ చెబుతోంది, అందులో కార్మికుల ప్రతినిధులు ఉంటారు. షిఫ్టులు, పని గంటలు, అలవెన్సులు మార్చాలంటే 21 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. ఇవేవీ జరక్కపోతే కార్మిక శాఖ ఆఫీసులో దరఖాస్తు ఇవ్వొచ్చు. లాయరు ఖర్చుకు భయపడకండి. కోర్టు ఆవరణలో ఉండే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా లాయర్ని ఇస్తుంది. మహిళలకూ పారిశ్రామిక కార్మికులకూ ఆదాయంతో పనిలేకుండా ఆ హక్కు ఉంది, కాబట్టి మీ ఇద్దరిలో ఎవరు వెళ్లినా సరే. సంతకం పెట్టే ముందు ఆ కాగితం వాళ్లకు ఒకసారి చూపించండి.

ఫ్రాన్స్‌లో జరిగిన ఒక సంగతి చెబుతాను. ఫ్రాన్స్ టెలికామ్ అనే పెద్ద కంపెనీ 22 వేల మందిని వాళ్లంతట వాళ్లే మానుకునేలా చేయాలని చూసింది. ఇష్టం లేని చోట్లకు మార్చింది, పనులు మార్చింది, ఒత్తిడి పెంచింది. కొందరు ప్రాణాలు తీసుకున్నారు. 2019 డిసెంబరులో పారిస్ కోర్టు ఆ కంపెనీనీ పాత పెద్దలనూ దోషులుగా తేల్చింది. 2025 జనవరిలో అక్కడి అత్యున్నత కోర్టు కూడా ఆ నేరం నిజమేనంది. మన దగ్గర అలాంటి చట్టం లేదు. కానీ మనిషి తానే విసిగి వెళ్లిపోయేలా చేయడం అనేది ఒక పద్ధతి ప్రకారం జరగవచ్చని ఆయనకు తెలియాలి. తెలిస్తే ఆ నేరం తన చేతకానితనం మీద వేసుకోరు.

తెల్లవారుజామున మూడింటికి లేవడం రెండు వారాలు దాటితే డాక్టరుకు చూపించాల్సిందే. కడప ప్రభుత్వాసుపత్రి రిమ్స్‌లో సైకియాట్రీ ఓపీ ఉంది. ఆ పేరు వింటేనే ఆయన రానంటే 14416కు ఫోన్ చేయండి. అది టెలీ మానస్, ప్రభుత్వ సేవ, ఉచితం, రాత్రీ పగలూ పలుకుతారు, తెలుగులో మాట్లాడవచ్చు. ముందు మీరే చేసి మీ బాధ చెప్పుకోండి, తర్వాత ఆయనకు ఇవ్వండి. ఛాతీలో పట్టేసినట్టు ఉందంటే గ్యాస్ అని ట్యాబ్లెట్ వేసి పడుకోనివ్వకండి, ఈసీజీ తీయించండి. తాగుడు అలవాటు పెరిగినా, "నేను లేకపోతే మీరే బాగుంటారు" లాంటి మాట ఒక్కసారి నోట వచ్చినా, ఆ రోజే తీసుకెళ్లండి, ఒంటరిగా వదలకండి.

ఇంట్లో మీరు "ఏమన్నారు? ఏమైంది?" అని రోజూ అడుగుతూ ఉండి ఉంటారు. అడగకుండా ఎట్లా ఉండగలరు? అయినా ఆ ప్రశ్న ఆయన్ను మళ్లీ స్టోర్స్‌కే తీసుకెళ్తుంది. వారంలో ఒక సాయంత్రం దీనికోసమే పెట్టుకోండి. ఆ ఫైలు ముందేసుకుని గంటసేపు లెక్కలు, కాగితాలు, తర్వాత ఏం చేయాలన్నది మాట్లాడుకోండి. మిగతా రోజుల్లో ఆ ఊసు వద్దు. రాత్రి అన్నం తినేటప్పుడు ఫోను కంచం పక్కన కాకుండా పక్క గదిలో ఉండాలి. పాపకు కూడా విషయం క్లుప్తంగా చెప్పండి. ఇంటర్ చదివే పిల్లకు ఇంట్లో ఏదో జరుగుతోందని తెలియకుండా ఉండదు, చెప్పకపోతే ఇంకా పెద్దదేదో ఊహించుకుంటుంది.

మానేయమని చెప్పాలా అన్నారు. ఇప్పుడే వద్దు. ఇంకో ఉద్యోగం చేతికొచ్చాక మానేస్తే అది ఆయన నిర్ణయం అవుతుంది. ఎర్రగుంట్ల, జమ్మలమడుగు, తాడిపత్రి వైపు సిమెంటు ఫ్యాక్టరీలు, వాటిని నమ్ముకుని నడిచే చిన్న యూనిట్లు చాలా ఉన్నాయి. 17 ఏళ్ల స్టోర్స్ అనుభవం అన్ని చోట్లా పనికొస్తుంది. కొత్త కంపెనీ కంప్యూటర్ ఎంట్రీలు నేర్పిస్తుంటే విసుక్కోకుండా పూర్తిగా నేర్చుకోమనండి, రేపు బయట అడిగేది అదే. ఈలోపు కొత్త అప్పు, కొత్త చీటీ వద్దు. పీఎఫ్ డబ్బు తీయకండి. రెండు మూడు నెలల లోను వాయిదాలకు సరిపడా పక్కన పెట్టగలిగితే ఆయన గుండె కొంచెం నెమ్మదిస్తుంది. డాక్టరు ఆ ఉద్యోగం ఒంటికి పడటం లేదని చెబితే మాత్రం ఈ లెక్కలన్నీ పక్కన పెట్టి బయటికి రమ్మనండి.

మీరే పోయి మేనేజరుతో మాట్లాడతానన్నారు. వద్దు చెల్లెమ్మా. మీ మనసు నాకు అర్థమైంది, కానీ అది ఆయనకు ఆ ఫ్యాక్టరీలో ఇంకో అవమానంగా మిగిలిపోతుంది. ఆ మెయిల్ రాసేటప్పుడు పక్కన కూర్చోండి. మీరు టీచరు కదా, తప్పులు దిద్దండి, వాక్యం పొడవైతే కత్తిరించండి. పంపే బటన్ ఆయన్నే నొక్కనివ్వండి.